నెత్తిన సూర్యుడు, ఇంట్లో చీకటి

డాబా మీద సోలార్ పలకలున్న ఇంట్లోనూ కరెంటు పోతే ఫ్యాను ఆగిపోతుంది. ఎందుకు ఆగుతుందో తెలిస్తే, ఓరుగల్లు ఇంటికి ఏది కొనాలో, ఏది కొనక్కర్లేదో కూడా తెలుస్తుంది.

ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం. హన్మకొండలో ఒక డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పలకలు ఉన్నాయనుకుందాం. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయింది. పక్కింట్లో ఫ్యాను ఆగింది. పలకలున్న ఇంట్లోనూ ఆగింది. లక్షకు పైగా పోసి పెట్టించుకున్నది సరిగ్గా అక్కరకు రావాల్సిన గడియలో చేతులెత్తేసింది. ఇది యంత్రం చెడిపోవడం కాదు, బిగించినవాళ్ల మోసమూ కాదు. అది అలా ఆగిపోవాలనే దాన్ని తయారు చేశారు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్‌లలో గ్రిడ్ కుప్పకూలినప్పుడు స్పెయిన్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర. అంత ఎండ వేళలోనూ, బ్యాటరీ గానీ విడిగా నడిచే ఏర్పాటు గానీ లేని సోలార్ ఇళ్లలో పక్కిళ్లతో పాటే కరెంటు పోయింది. నెత్తిన సూర్యుడున్నా ఇంట్లో దీపం వెలగని ఈ విడ్డూరం అర్థమైతే, సోలార్, ఇన్వర్టర్, బ్యాటరీ అంటూ జరిగే సగం గందరగోళం విడిపోతుంది.

కారణం కరెంటు స్తంభం మీద ఉంది. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టులను ఇంటికి పనికొచ్చే 230 వోల్టులకు దించుతుంది. అదే ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇంటివైపు నుంచి 230 వోల్టులు ఎక్కిస్తే, అటువైపు 11 వేల వోల్టులై బయటపడుతుంది. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని, లైను చచ్చిందన్న నమ్మకంతో స్తంభం ఎక్కిన వేళ ఒక్క డాబా నుంచి కరెంటు వెనక్కి పారినా ఆ మనిషి ప్రాణం పోతుంది. అందుకే గ్రిడ్‌తో కలిసి నడిచే ఇన్వర్టర్, లైన్లో కరెంటు లేదని గుర్తించిన క్షణాల్లోనే తనంతట తాను ఆగిపోవాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో తెచ్చిన నిబంధనలు ఈ జాగ్రత్తను తప్పనిసరి చేశాయి. కాబట్టి మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ కరెంటు కోతకు మందు కాదు. అది బిల్లుకు మందు. ఈ రెండూ వేర్వేరు రోగాలు. రెండింటికీ ఒకే గోలీ అడగడం దగ్గరే తప్పు మొదలవుతుంది, కొట్టువాడు ఉందని చెప్పి అమ్మడంతో అది ముదురుతుంది.

ముందు ఆయకట్టు, తర్వాతే చెరువు

ఓరుగల్లు వాళ్లకు ఈ లెక్క కొత్తది కాదు. వాన పడ్డంత మాత్రాన పొలం పండదని, పడ్డ వానను ఆపి అదను చూసి వదిలితేనే పండుతుందని తెలిసి కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కట్టారు. కింద ఎంత ఆయకట్టు ఉందో, పైనుంచి ఎంత నీరు వస్తుందో, మిగులు ఏ అలుగు మీదుగా పోతుందో తేల్చుకోకుండా కట్ట పోస్తే ఆ కట్ట నిలవదు. ఇంటి కరెంటుకూ ఇదే వరస. మనం వాడే ఫ్యాన్లు, లైట్లు ఆయకట్టు. బ్యాటరీ చెరువు. పలకల మీద పడే ఎండ వాన. మిగులు యూనిట్లను గ్రిడ్‌లోకి పంపే నెట్ మీటరు అలుగు. మన బజారులో మాత్రం బేరం తలకిందులుగా మొదలవుతుంది. ‘ఎన్ని కిలోవాట్లు వేయమంటారు? ఎన్ని ఆంపియర్ల బ్యాటరీ కావాలి?’ అని అడుగుతారు తప్ప, మీ ఇంట్లో కరెంటు ఎప్పుడు పోతుంది, పోయినప్పుడు ఏవి నడవాలి, మీ బిల్లు ఎన్ని యూనిట్లు అని అడగరు. ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే, వరంగల్‌లో చాలా ఇళ్లకు సోలార్, బ్యాటరీ కలిపిన ఖరీదైన హైబ్రిడ్ అక్కర్లేదని తేలుతుంది. బిల్లు పెద్దదైతే పలకలు, కోత బాధిస్తే చిన్న బ్యాటరీ, రెండూ ఉంటే రెండూ విడివిడిగా. ఈ కథనం వాదన ఇంతే. దానికి ఆధారాలు చూద్దాం.

బిల్లు చెప్పే మాట

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన గృహ టారిఫ్‌లో 200 యూనిట్ల దగ్గర పెద్ద గట్టు ఉంది. నెలకు 100 దాటి 200 లోపు వాడితే మొదటి వందకు యూనిట్ రూ.3.40, రెండో వందకు రూ.4.80. ఆ గట్టు దాటితే మొదటి 200 యూనిట్లకే రూ.5.10 చొప్పున పడుతుంది, ఆపైన వందకు రూ.7.70, 300 దాటాక రూ.9, 400 దాటాక 800 దాకా రూ.9.50. అంటే 200 యూనిట్లకు విద్యుత్ చార్జీ రూ.820 అయితే, 201కి వెయ్యి దాటుతుంది. నెలకు 350 యూనిట్లు కాల్చే ఇల్లు తీసుకోండి. విద్యుత్ చార్జీయే రూ.2,240. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ పలకలు సగటున రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున నెలకు 120 దాకా ఇస్తాయి. రెండు కిలోవాట్లు పెడితే 240. నెట్ మీటరింగ్‌లో మిగిలే నికర వాడకం 110 యూనిట్లు, దాని ఖరీదు రూ.388. నెలకు రూ.1,850 మిగులు. పలకలు కేవలం 240 యూనిట్లు ఇవ్వడమే కాదు, ఇంటిని గట్టు దించి చవక స్లాబులో కూర్చోబెడతాయి. అసలు లాభం అక్కడుంది.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం మొదటి రెండు కిలోవాట్లకు రూ.30 వేల చొప్పున, మూడో దానికి రూ.18 వేలు రాయితీ ఇస్తోంది. ఎంత పెద్దది పెట్టినా రూ.78 వేలకు మించదు. దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన పలకలకే ఈ రాయితీ వర్తిస్తుంది. రెండు కిలోవాట్లు లక్షా 30 వేలకు కుదిరాయనుకుంటే చేతి నుంచి పడేది 70 వేలు. 350 యూనిట్ల ఇంటికి అది మూడేళ్ల పైచిలుకులో తిరిగొస్తుంది. పలకలు పాతికేళ్లు నిలుస్తాయి కనుక ఇంతకంటే మంచి మదుపు దొరకడం కష్టం. అదే రెండు కిలోవాట్లు 190 యూనిట్ల ఇంటికి పెడితే? ఆ ఇంటి చార్జీయే రూ.772. అది మొత్తం మాఫీ అయినా పెట్టుబడి రావడానికి ఏడున్నరేళ్లు. ఇక 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు అందుకుంటున్న తెల్ల రేషన్ కార్డు ఇంటికి ఆ పథకం ఉన్నంతకాలం పలకల మీద పెట్టిన రూపాయి బిల్లు పొదుపు రూపంలో తిరిగి రాదు. లేని రోగానికి మందు కొన్నట్టే.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. ఉచిత పథకాలు శాశ్వతం కావు, రాయితీ కూడా 2026-27 ఆర్థిక సంవత్సరం దాకే కదా, ఇప్పుడే పెట్టించుకుంటే మంచిది కాదా అని. 180, 190 యూనిట్ల దగ్గర ఊగిసలాడుతూ, పిల్లలు ఎదిగి ఏసీ కొనబోతున్న ఇంటికి ఆ మాటలో బలం ఉంది. రేపటి ఆయకట్టు చూసి ఈరోజు కట్ట పోయడం తప్పు కాదు. కానీ అప్పు చేసి, నెలకు 80 యూనిట్లు కూడా కాల్చని ఇంటి మీద మూడు కిలోవాట్లు ఎక్కించడానికి ఆ వాదన సరిపోదు. గ్రిడ్‌కు పంపిన మిగులు యూనిట్లకు కట్టే ధర మనం పై స్లాబులో కట్టే ధర కంటే తక్కువ. అలుగు పారించి అమ్ముకుందామని చెరువు తవ్వేవాళ్లుండరు.

ఎండ గురించి కూడా ఒక అపోహ పోవాలి. వరంగల్ ఎండ 44 డిగ్రీలకు చేరితే సోలార్ దంచేస్తుందని అనుకుంటారు. పలకకు కావలసింది వెలుతురు, వేడి కాదు. దాని మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఆపైన ప్రతి డిగ్రీకి దాదాపు 0.35 శాతం తగ్గుతుంది. మే మధ్యాహ్నం పలక ఒళ్లు 65 డిగ్రీలకు కాగితే ఏడో వంతు పోయినట్టే. అందుకే పలకలకూ డాబాకూ మధ్య గాలి ఆడే ఎత్తు ఉండాలి. దక్షిణం వైపు, మన అక్షాంశానికి తగ్గట్టు 15 నుంచి 18 డిగ్రీల వాలు చాలు. పక్కింటి నీళ్ల ట్యాంకు నీడ ఒక్క పలక మీద పడినా ఆ వరస మొత్తం నీరసిస్తుంది. రాళ్లవాన భయం వద్దు, గంటకు 83 కిలోమీటర్ల వేగంతో వచ్చే 25 మిల్లీమీటర్ల మంచుగడ్డ దెబ్బను తట్టుకుంటేనే పలక పరీక్ష నెగ్గుతుంది. కోతుల బెడద ఉన్న కాలనీల్లో మాత్రం వైర్లను గొట్టాల్లోంచి తీసుకెళ్లడం మంచిది.

2012 సలహా, ఇప్పటి ఇల్లు

ఇక కోత సంగతి. మన ఇన్వర్టర్ బజారు జ్ఞాపకం 2012 నాటిది. ఉమ్మడి రాష్ట్రంలో ఆనాడు కరెంటే తక్కువ. పరిశ్రమలకు పవర్ హాలిడే, పట్టణాలకు గంటల లెక్కన కోత. రోజూ పోయే కరెంటుకు రోజూ పనిచేసే పెద్ద బ్యాటరీ కావలసి వచ్చింది. ఆ తర్వాత చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం రెండో దశలో మరో 600 మెగావాట్లు చేర్చింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి కూడా 24 గంటల సరఫరా మొదలైంది. ఇవాళ వరంగల్‌లో కరెంటు పోతే ఉత్పత్తి చాలక కాదు. వేసవి సాయంత్రం గాలివానకు కొమ్మ విరిగి తీగ మీద పడో, ఫీడర్ ట్రిప్పయ్యో, మరమ్మతుకు ఎల్‌సీ తీసుకునో పోతుంది. అలాంటి కోత రోజూ రాదు, వచ్చినప్పుడు ఎంతసేపో తెలియదు. పైగా గాలివాన ఎక్కువగా పొద్దువాలాక వస్తుంది. ఆ వేళకు పలకలు ఇచ్చేదేమీ ఉండదు. కాబట్టి అరుదుగా వచ్చి, రాత్రి పూట బాధించే కోతకు కావలసింది ఒక చిన్న, నమ్మకమైన చెరువు.

ఎంత చిన్నది? లెక్క వేయండి. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీలో పేరుకు 1,800 వాట్-అవర్లు ఉంటాయి. ఆ అంకె 20 గంటలు మెల్లగా తోడితే వచ్చేది. త్వరగా తోడితే తక్కువే వస్తుంది. బ్యాటరీ పది కాలాలు ఉండాలంటే అరవై శాతం మించి తోడకూడదు, ఇన్వర్టర్ తన వాటా ఇరవై శాతం దాకా తింటుంది. చేతికొచ్చేది 860 వాట్-అవర్లు. ఒక్కోటి 75 వాట్లు తినే పాత ఫ్యాన్లు మూడు, రెండు ట్యూబ్‌లైట్లు, ఇంటర్నెట్ రూటర్, ఫోన్ చార్జర్లు కలిపితే 285 వాట్లు. మూడు గంటలు వస్తుంది. అవే ఫ్యాన్లను 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లుగా మారిస్తే మొత్తం 150 వాట్లకు దిగి, అదే బ్యాటరీ దాదాపు ఆరు గంటలు లాగుతుంది. రెండో బ్యాటరీ కొనకుండానే రెట్టింపు సమయం. ఆ బ్యాటరీ కొన్ని ఏళ్లకు తుక్కవుతుంది, దాని బదులు కొన్న ఫ్యాన్లు మాత్రం కరెంటు ఉన్న రోజుల్లోనూ బిల్లు తగ్గిస్తాయి. చెరువు పెంచే ముందు ఆయకట్టులో నీటి వృథా ఆపమనడం ఇందుకే.

ఏవి నడవాలో తేల్చడం అంటే ఏవి నడవకూడదో తేల్చడం కూడా. ఒక హెచ్‌పీ బోరు మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు లాగుతుంది. దానికోసం ఇన్వర్టర్ కొనడం కంటే ట్యాంకు నింపి పెట్టుకోవడం చవక. ఏసీ, గీజరు, ఇస్త్రీపెట్టె సంగతి చెప్పనక్కర్లేదు. ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచితే మూడు నాలుగు గంటలు తనంతట తానే చల్లగా ఉంటుంది. కొనే ఇన్వర్టర్ సైన్‌వేవ్‌ది కావాలి, లేకపోతే ఫ్యాన్లు గుర్రుమంటాయి, మోటార్లు వేడెక్కుతాయి. గృహజ్యోతి ఇళ్లకు ఇంకో జాగ్రత్త ఉంది. ఇన్వర్టర్ ఊరికే ఉన్నా బ్యాటరీని నిండుగా ఉంచడానికి రోజంతా కొద్దికొద్దిగా కరెంటు తాగుతుంది. అది 15 వాట్లే అనుకున్నా నెలకు 11 యూనిట్లు. 195 దగ్గర ఉన్న ఇల్లు దాంతో గట్టు దాటితే సున్నా బిల్లు వెయ్యి దాటుతుంది. ఊరికే ఉన్నప్పుడు ఎంత తాగుతుందని కొట్టులో అడగాల్సిన ప్రశ్న ఇది. ఎవరూ అడగరు.

అయితే హైబ్రిడ్ ఎందుకు వద్దు?

పగలు ఎండ ఉండగా దాన్ని బ్యాటరీలో పట్టి, కోతలోనూ రాత్రిలోనూ వాడుకుంటే బిల్లూ పోతుంది, చీకటీ పోతుంది కదా అని అడగవచ్చు. హైబ్రిడ్ ఇన్వర్టర్ చేసేది అదే. కరెంటు పోగానే గ్రిడ్‌తో తెగదెంపులు చేసుకుని ఇంటిని మాత్రం నడుపుతుంది. యంత్రం మంచిదే, ఖరీదే లెక్కకు రాదు. 15 వేల రూపాయల ట్యూబులర్ బ్యాటరీ రోజూ తోడితే వెయ్యి, పన్నెండు వందల సార్లకు అలిసిపోతుంది. తోడిన ప్రతిసారీ యూనిట్ కంటే తక్కువే ఇస్తుంది. అంటే బ్యాటరీలోంచి తోడిన యూనిట్ మీద బ్యాటరీ అరుగుదలే 14 రూపాయలకు పైన. 400 యూనిట్లు దాటిన ఇల్లు కూడా డిస్కంకు (విద్యుత్ పంపిణీ సంస్థకు) ఆపై యూనిట్‌కు కట్టేది తొమ్మిదిన్నరే. లిథియం ఎక్కువసార్లు తిరుగుతుంది కనుక అరుగుదల ఏడెనిమిది రూపాయలకు దిగవచ్చు, ఇన్వర్టర్ ఖరీదు కలిపితే ఆ తేడా కూడా ఆవిరవుతుంది. నెట్ మీటరు ఉన్నంతకాలం పగటి యూనిట్‌ను గ్రిడ్‌కు ఇచ్చి రాత్రి అదే యూనిట్ తీసుకోవచ్చు. పక్కనే ఊరి చెరువు ఉండగా ఇంట్లో గోలెం కట్టుకోవడం ఎందుకు?

హైబ్రిడ్ అక్కర్లేదన్నది అందరికీ వర్తించదు. ఇంట్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీద మనిషి ఉంటే, కింద క్లినిక్ గానీ మందుల ఫ్రిజ్ గానీ నడుపుతుంటే, ఊరి శివారులో లైను చివర ఉండి తరచూ గంటలకొద్దీ కోత భరిస్తుంటే అక్కడ యూనిట్ ధర లెక్క పనికిరాదు. ఆ ఇళ్లు హైబ్రిడ్ పెట్టించుకోవాలి. అది పొదుపు కోసం కాదు, భరోసా కోసమని తెలిసి పెట్టించుకోవాలి. అపార్ట్‌మెంట్ల తీరు వేరు. పైకప్పు అందరిదీ కనుక లిఫ్టు, మోటారు, మెట్ల దీపాల కోసం సంఘం పేరు మీద పెట్టించే పలకలకు కిలోవాట్‌కు రూ.18 వేల రాయితీ ఉంది. ఎవరి చీకటికి వారే ఫ్లాటులో చిన్న బ్యాటరీ పెట్టుకోవచ్చు.

సీసమా, లిథియమా?

సీసం బ్యాటరీని 1859లో ఫ్రాన్స్‌లో గాస్తోన్ ప్లాంటే తయారు చేశాడు. ఇప్పుడు ఇళ్లకొస్తున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను 1997లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడ్‌ఇనఫ్ బృందం వెలుగులోకి తెచ్చింది. లిథియం బ్యాటరీల మీద చేసిన కృషికి ఆయన 2019లో నోబెల్ పంచుకున్నాడు. కొత్తది కాబట్టి మేలన్నది పైపై మాట. లిథియం గొప్పతనం వేల సార్లు తోడినా తట్టుకోవడంలో ఉంది. నెలకు నాలుగైదు సార్లు పోయే కరెంటుకు ఆ వేల సార్లు ఎన్నటికీ పూర్తి కావు. ఆ వాడకానికి, నిండుగా కూర్చోవడమే ఇష్టమైన సీసం బ్యాటరీ చవకలో సరిపోతుంది. అయితే దానికి సేవ కావాలి. మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూడాలి, హైడ్రోజన్ వాయువు వదులుతుంది కనుక గాలి ఆడేచోట పెట్టాలి. దానికి అసలు శత్రువు మన వేసవి. మామూలు ఉష్ణోగ్రత మీద పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడుతుందని లెక్క. రేకుల గదిలో పెట్టిన బ్యాటరీ త్వరగా పోవడానికి కంపెనీని తిట్టి లాభం లేదు. నీళ్లు పోయడం మరిచిపోయే ఇల్లు, ముసలివాళ్లు మాత్రమే ఉండే ఇల్లు, బాల్కనీ లేని ఫ్లాటు అయితే ఎక్కువ పెట్టి లిథియం కొనుక్కోవడమే న్యాయం. సగం బరువు కూడా ఉండదు, వాయువు వదలదు, త్వరగా నిండుతుంది. తరచూ కోతలున్న శివారు ఇంటికీ అదే మేలు.

వరద వచ్చినప్పుడు

ఈ వాదనకు అన్నింటికంటే గట్టి అభ్యంతరం వరద. 2020 ఆగస్టులో, 2023 జూలైలో, మళ్లీ 2025 అక్టోబరు చివర మొంథా తుపానులో ఈ నగరం నీళ్లలో నిలిచింది. అలాంటప్పుడు ఆరు గంటల బ్యాటరీ ఏ మూలకు? నిజమే, చాలదు. కానీ హైబ్రిడ్ ఆదుకుంటుందన్న ఆశలోనూ పస తక్కువ. వరద తెచ్చే మబ్బే పలకల దిగుబడిని బాగా కోసేస్తుంది. పైగా నీళ్లు చేరిన కాలనీల్లో సరఫరా నిలిపేది ప్రాణరక్షణ కోసం. తడిసిన గోడల మధ్య ఇంట్లో ఏ మూల నుంచి కరెంటు పారినా ప్రమాదమే. ముందు చేయాల్సింది, ఖర్చు లేనిది, బ్యాటరీని నేల మీద నుంచి పైకి ఎత్తడం. నయీంనగర్, సమ్మయ్యనగర్ లాంటి నాలా పక్క బస్తీల్లో మెట్ల కింద, గేటు పక్కన పెట్టిన ఇన్వర్టర్ వరద మొదటి గంటలోనే పోతుంది. మొదటి అంతస్తులో గోడ అలమారలో ఉంటే మిగులుతుంది.

వాన వెలిసి ఎండ వచ్చాక కూడా స్తంభాలు లేవక రోజుల తరబడి కరెంటు రాని స్థితి ఒకటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ చూసింది అదే. దీనికి మాత్రం ఎండే గతి. అప్పటికీ లక్షల హైబ్రిడ్ అక్కర్లేదు. ఉన్న 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీకే గ్రిడ్‌తో సంబంధం లేని 300 వాట్ల పలక ఒకటి, చార్జ్ కంట్రోలర్ ఒకటి తగిలిస్తే రోజుకు ఒక యూనిట్ దాకా నిండుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్లు, రెండు లైట్లు, ఫోన్లు రాత్రి గడపడానికి అది చాలు. గ్రిడ్‌కు కలవదు కనుక గ్రిడ్ పోయినా ఆగదు. లైన్‌మన్‌కు ప్రమాదమూ లేదు.

కాబట్టి చౌరస్తాలో కొట్టు మెట్లు ఎక్కే ముందు ఒక కాగితం చాలు. ఒక పక్క గడిచిన పన్నెండు నెలల బిల్లుల్లోని యూనిట్లు, ఇంకో పక్క కరెంటు పోయినప్పుడు తప్పక నడవాల్సిన వాటి పేర్లు, వాటి వాట్లు. మొదటి పక్క 200 లోపే ఉంటే పలకల మాట పక్కన పెట్టండి, 300 దాటితే వెంటనే ఎత్తండి. రెండో పక్క మొత్తం 150 వాట్లకు దిగేదాకా బ్యాటరీ బేరం మొదలుపెట్టకండి. అటూ ఇటూ రెండూ నిండిన ఇల్లు డాబా మీద ఆన్‌గ్రిడ్ పలకలు, హాల్లో విడిగా చిన్న ఇన్వర్టర్ పెట్టుకుంటుంది. ఫ్యూజు పోయిన మధ్యాహ్నం ఆ ఇంట్లో పలకలు ఆగిపోతాయి, ఫ్యాను మాత్రం తిరుగుతుంది. స్తంభం మీదున్న మనిషి తన పని ముగించుకుని క్షేమంగా దిగుతాడు.